తారీఖు లేని మాట

తెలుగు విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుల వారికి,



నేను హత్నూర మండలంలో ఉంటాను. బోర్పట్ల వైపున్న మందుల ఫ్యాక్టరీల్లో ఒకదాని క్యూసీ ల్యాబులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నేను చదివింది కెమిస్ట్రీ, తత్వశాస్త్రం కాదు. అలాంటివాణ్ణి జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాల గురించి మీకు ఉత్తరం రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. అందుకే జరిగింది ముందు చెప్పుకుంటాను.

ఆదివారం షిఫ్టు లేనివాళ్లం ఆరేడుగురం ఒకచోట కూర్చుని ఏదో ఒక పుస్తకం పైకి చదువుకుంటాం. రిటైరైన తెలుగు సారు ఒకాయన, నాతోపాటు ప్లాంటులో చేసే ఇద్దరు కుర్రవాళ్లు, పటాన్‌చెరులో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక తమ్ముడు, అచల సంప్రదాయంలో ఉపదేశం తీసుకున్న ఒక పెద్దాయన వస్తారు. ఆ పెద్దాయనను అందరం తాతా అనే పిలుస్తాం. రెండేళ్ల కిందట కృష్ణమూర్తి మాటల తెలుగు సంకలనం ఒకటి మొదలుపెట్టాం. భయం, కోరిక, ధ్యానం, మరణం అంటూ విషయాల వారీగా కూర్చిన పుస్తకం అది. జీవితానికి గమ్యం అన్న చోటికి వచ్చేసరికి చిక్కు పడింది. మొదటి భాగంలో, మనిషి తన గమ్యాన్ని ముందు ఖాయం చేసుకుని దానికేసి నడవాలన్న అర్థం వచ్చే మాటలున్నాయి. రెండు పేజీలు తిప్పేసరికి, గమ్యం పెట్టుకోవడమే మనసు ఆడే మోసమని ఉంది.

"ఏంది సారూ, ఒక్క మనిషే రెండు తీర్ల మాట్లాడిండా?" అన్నాడు లేత్ తమ్ముడు. పైకి వేరుగా కనబడ్డా లోపలి భావం ఒకటేనని సారు సర్దిచెప్పబోయారు. తాత ఒప్పుకోలేదు. "భావం ఒక్కటైతే మాట రెండెందుకైతది?" అన్నాడు. రెండు ఆదివారాలు ఇదే వాదం. మూడో వారానికి ఒక మిత్రుడి దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చి వెతికాను. మొదటి మాట 1926లో హాలండ్‌లోని ఎయిర్డె కోటలో, తననే జగద్గురువుగా నమ్మిన కొద్దిమంది నడుమ చెప్పింది. రెండోది 1960ల నాటిది. నడుమ సుమారు నలభై ఏళ్ల దూరం. మా చేతిలోని పుస్తకంలో ఆ రెండు మాటలకూ మధ్య ఉన్నది మూడు చుక్కల గీత ఒక్కటే.

ఆ సంకలనం చేసినవారిని నేను తప్పుపట్టడం లేదు. కొత్తగా చదివేవాడికి విషయాల వారీ పుస్తకం దారి చూపుతుంది. మాకూ మొదట అదే ఆసరా అయింది. కానీ ఆ రోజు నాకు కలిగిన బాధ నా వృత్తి లోంచి వచ్చిన బాధ.

మా ల్యాబులో తారీఖు లేని కాగితానికి విలువ లేదు. ప్రతి అంకె పక్కన రాసినవాడి సంతకం, తేదీ, వేళ ఉండాలి. పొరపాటున తప్పు అంకె పడితే వైట్‌నర్ పూయకూడదు, కొట్టిపారేసి నల్లగా చేయకూడదు. పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, పక్కన కొత్త అంకె రాసి, కారణం రాసి, సంతకం పెట్టి తేదీ వేయాలి. మందు కాలంతో పాటు ఎలా మారుతుందో చూడటానికి స్టెబిలిటీ ఛాంబర్లు వేరే ఉంటాయి. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చూస్తాం. మామూలు వాతావరణంలో పెట్టిన నమూనాలను 3 నెలలకు, 6 నెలలకు, 9 నెలలకు, అలా ఏళ్ల తరబడి తీసి పరీక్షిస్తాం. ఆ సీసాల మీది చీటీలు ఊడిపోయి అన్నీ కలిసిపోయాయనుకోండి, లోపలి పొడి ఎంత స్వచ్ఛమైనదైనా ఇక దాన్నించి ఏమీ తెలుసుకోలేం. మనిషి ఆలోచనకు అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలునని నాకు అనిపించలేదు.

ఆ రోజు నుంచి మేం కృష్ణమూర్తిని తేదీల వరసలో చదవడం మొదలుపెట్టాం. ఇంగ్లీషు నేను చదివి తెలుగులో చెబుతాను, సారు మాట సరిచేస్తారు. అలా చదివితే ఏం కనబడిందో చెబుతాను.

1895లో మదనపల్లెలో తెలుగింట పుట్టిన పిల్లవాడు, 1909లో అడయారు సముద్రపొడ్డున దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంటపడ్డాడు. 1911లో అతని చుట్టూ, జగద్గురువు రాకకు ఎదురుచూసే నక్షత్ర సంఘం పుట్టింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్ శిబిరంలో, ఆ సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్ ఎదుట, మూడు వేల మంది నడుమ, ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశాడు. ఇంతవరకు మన బడి పిల్లలకు కూడా తెలిసిన కథే. మనం దాన్ని చెప్పుకునే తీరు ఎలా ఉంటుందంటే, నిన్నటిదాకా సింహాసనం మీదున్నవాడు ఒక్క పూటలో లేచి కిరీటం తీసి కిందపెట్టాడన్నట్టు ఉంటుంది. మనకు ఈ 'ఒక్క రాత్రి' కథలంటే ఇష్టం. వేమన భోగి అట, ఒక్క రాత్రిలో యోగి అయ్యాడట. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన నాటికే ఏ పద్యం ముందు, ఏది వెనక అని చెప్పే ఆధారం లేదు. పద్యాలకు తేదీలు లేవు గనుక ఆ ఖాళీలో కథ పెరిగింది. చలం సంగతీ అంతే. 1950లో తిరువణ్ణామలై వెళ్లి 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు కాబట్టి, ఆయన్ను ఇటు చలం, అటు చలం అని రెండు ముక్కలు చేసుకున్నాం. అంతకు చాలా ఏళ్ల ముందే మిత్రుడు చింతా దీక్షితులు వెంట అక్కడి రమణాశ్రమానికి వెళ్లొచ్చాడని, ఆ నడుమ ఏళ్లలో రాసినవి ఆ వెలుగులో మళ్లీ చదవాలని ఎంతమందికి తోస్తుంది?

కృష్ణమూర్తి విషయంలో అలా ఊహించుకోవలసిన పని లేదు. తేదీలున్నాయి. 1925 నవంబరు 13న తమ్ముడు నిత్యానంద అమెరికాలోని ఓహాయిలో చనిపోయాడు. ఇండియాకు వస్తున్న ఓడ సూయజ్ దగ్గర ఉండగా ఈయనకు తంతి అందింది. నిత్య బతుకుతాడని, అతనితో మహాత్ములనే అదృశ్య గురువులకు పని ఉందని సమాజం పెద్దలు ఇచ్చిన భరోసాను ఆయన మనసారా నమ్మాడు. ఆ నమ్మకం సముద్రం మీద పగిలింది. ఆరు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 28న అడయారు సభలో మాట్లాడుతూ, రాబోయే జగద్గురువును 'ఆయన' అని చెబుతున్నవాడు ఉన్నట్టుండి 'నేను' అనేశాడు. సభ పులకించింది. అంటే, నమ్మకం పగిలిన వెంటనే ఆయన సింహాసనం దిగలేదు, ఇంకా ఎత్తుకు ఎక్కాడు. మా సారు ఇక్కడ చాలాసేపు ఆగిపోయారు. ఆయనా కొన్నేళ్ల కిందట తమ్ముణ్ణి పోగొట్టుకున్నవారే. "దుఃఖం మనిషిని ముందు గట్టిగా పట్టుకునేట్టు చేస్తుంది, వదలడం తర్వాత" అన్నారు.

తమ్ముడి గురించి ఆ రోజుల్లో రాసినదాంట్లో కృష్ణమూర్తి, ఇప్పుడు మేమిద్దరం ఒకటే అన్న ఓదార్పు వెతుక్కున్నాడు. మరణం మీద ఆయన 1960ల్లో చెప్పినవి తీసి పక్కన పెట్టండి. అక్కడ ఓదార్పన్నదాన్నే దగ్గరికి రానివ్వడు. పోయినవాళ్లను ఏదో రూపంలో నిలుపుకోవాలన్న తపన ఎక్కడ పుడుతోందో చూడమంటాడు. ఈ రెంటినీ 'మరణం' అన్న ఒకే శీర్షిక కింద కలిపికుడితే, ముప్పై ఏళ్ల యువకుడి గుండెకోత, ఆ కోతను తప్పించుకోకుండా దాటిన మనిషి చూపు, రెండూ చెడిపోతాయి. వరసలో చదివితే రెండో మాటకు మొదటి మాటే వెల అని తెలుస్తుంది.

1927 ఆగస్టులో అదే ఒమెన్‌లో, తాను 'ప్రియతముడు' అని ఎవరిని అంటున్నాడో చెప్పుకున్నాడు. చిన్నప్పుడు వేణువు పట్టుకున్న కృష్ణుడు, దివ్యజ్ఞాన సమాజంలో చేరాక అక్కడి మహాత్ములు, తర్వాత మైత్రేయుడు, బుద్ధుడు. చివరికి ఏ రూపమూ కాదు, ఆకాశమూ పువ్వూ ప్రతి మనిషీ అన్నాడు. తన చూపు మారిన మెట్లను ఆయనే లెక్కపెట్టిన అరుదైన సందర్భం ఇది. ఆ తర్వాత రెండేళ్లకు 1929. ఆపైన 1930లో సమాజం నుంచీ బయటికి వచ్చేశాడు. ఒక్క పూట ఎక్కడుంది ఇందులో? నాలుగేళ్ల నడక ఉంది. దానికి ముందు కూడా, ఆప్తురాలు ఎమిలీ లుటియెన్స్‌కు రాసిన ఉత్తరాల్లో సందేహాలు అప్పటికే ఉన్నాయి.

1933 నుంచి 1967 దాకా ప్రసంగాలు ఇంగ్లీషులో 17 సంపుటాలుగా, కాలక్రమంలో ఉన్నాయి. వాటిలో ఒక్కో దశాబ్దానికి ఒక్కో పలుకుబడి వినిపిస్తుంది. 1930ల్లో 'నేను' అనేది వస్తువు కాదు, ఒక ప్రక్రియ అని గట్టిగా పట్టుకుంటాడు. 1940 నాటి ప్రసంగాల తర్వాత 1944 దాకా ఓహాయిలో బహిరంగంగా మాట్లాడలేదు. తోటపని చేసుకుంటూ, ఆవుల పాలు పితుకుతూ గడిపాడు. మళ్లీ నోరు విప్పాక మాట మెత్తబడింది, చూపు దగ్గరికి వచ్చింది. ఇష్టాయిష్టాలు కలపకుండా ఉన్నదాన్ని గమనించడం, సంబంధాలు అద్దంలా మనల్ని మనకు చూపడం అప్పటి మాటలు. గాంధీ హత్య జరిగిన కొద్ది రోజులకే 1948 ఫిబ్రవరిలో బొంబాయిలో ఆయన్ను అడిగిన ప్రశ్న, ఆ మరణానికి నిజమైన కారణమేమిటని. అడిగినవాళ్ల వణుకు తెలియకుండా ఆ జవాబు చదవడం సాధ్యమా? 1960ల్లో చూసేవాడూ చూడబడేదీ వేరు కావన్న మాట ముందుకొస్తుంది. 1961లో పరిచయమైన భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆలోచన ఒక భౌతిక ప్రక్రియ, మెదడులోనే మార్పు రావడం వంటి పలుకుబడిలోకి వెళ్లాడు. వాళ్లిద్దరి 1980 నాటి సంభాషణలు 1985లో పుస్తకమయ్యాయి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. అన్న తేదీ వేరు, అచ్చయిన తేదీ వేరు. 1961లో మొదలైన ఆయన నోట్‌బుక్ 1976లో గాని బయటికి రాలేదు. మా భాషలో చెప్పాలంటే తయారీ తేదీ ఒకటి, లారీ ఎక్కిన తేదీ ఇంకొకటి. రెండూ చీటీ మీద ఉండాలి.

తెలుగుకు వచ్చేసరికి చిక్కు ఇంకా లోతైనది. ఈ తెలుగు బిడ్డ చిన్ననాడే తెలుగు మరిచిపోయాడు. మనం ఆయన్ను ఎప్పుడు చదివినా అనువాదంలోనే చదువుతాం. ఇంగ్లీషులో నలభై ఏళ్లపాటు ఆయన మార్చుకుంటూ వచ్చిన నాలుగైదు మాటలు తెలుగులో ఒకటే 'ఎరుక' అయి కూర్చుంటున్నాయి. తాత ఒకరోజు ఈ మాట దగ్గర పుస్తకం మూయించాడు. "మా అచలంల ఎరుకనే బంధం. ఎరుక పోతె మిగిలేది బయలే. ఈయనేమో ఎరుకనే పట్టుకొమ్మంటడేంది?" అన్నాడు. మా ప్రాంతంలో ఊరూరా ఉన్న తత్వం ఇది. ఎరుక అనే మాట ఇక్కడి మనిషి చెవిలో ఖాళీగా పడదు, వెనక ఒక గురుపరంపర మోగుతుంది. పోనీ 'అవధానం' అందామంటే, మన కళ్లముందు పృచ్ఛకుల నడుమ కూర్చున్న కవి కనబడతాడు. ఏ దశాబ్దంలో ఏ మాటకు తెలుగులో ఏది పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక్క పుటలో రాసి ఉంటే తాతకు నేను జవాబు చెప్పగలిగేవాణ్ణి. ఆ రోజు చెప్పలేకపోయాను.

మీ దగ్గరి పండితులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. అది న్యాయమైనదే, మాలోనూ వచ్చింది. మనసు కాలక్రమంలో కొంచెం కొంచెంగా ఎదుగుతుందన్న ఊహనే కృష్ణమూర్తి కాదన్నాడు. రేపు ఇంకా మంచివాణ్ణవుతాను అనుకోవడమే ఇవాళ్టి నుంచి పారిపోవడం అన్నాడు. అలాంటివాడి ఆలోచనకు 'వికాస క్రమం' గీయడం ఆయన మాటకే ఎదురు కాదా? పైగా 1980లో, తన బోధ సారాంశం రాయమన్నప్పుడు, సత్యానికి వేసిన బాట ఉండదన్న 1929 నాటి మాటతోనే మొదలుపెట్టాడు. యాభై ఏళ్లలో ఏమీ మారలేదనడానికి అంతకన్నా సాక్ష్యమేముంది?

నా జవాబు ఇది. మారలేదన్నది కూడా చదివి తేల్చుకోవలసిందే తప్ప ముందే ఒప్పుకోవలసింది కాదు. స్టెబిలిటీ పరీక్షలో మందు మారలేదని తేలడమూ ఫలితమే. దాన్ని రాయడానికీ అన్ని నెలల నమూనాలూ కావాలి. 1980 నాటి కాగితంలో మొదటి వాక్యం పాతదే, దాని తర్వాత వచ్చే ఆలోచన, కాలం, చూసేవాడు అన్న మాటల అల్లిక 1929లో లేదు. ఏది నిలిచింది, ఏది చేరింది, ఏది నిశ్శబ్దంగా జారిపోయింది అని అడగడం ఆయన్ను మెట్లెక్కించడం కాదు. ఎవరి అధికారాన్నీ ఒప్పుకోవద్దన్న మనిషి మాటను, తేదీ తీసేసి శాశ్వత వాక్యంగా గోడకెక్కించడమే ఆయనకు ఎదురని నేననుకుంటాను.

ఈ పని కొత్తదేమీ కాదు. ప్లేటో సంభాషణలకు తేదీలు లేకపోతే, 1867లో లూయిస్ క్యాంప్‌బెల్ అనే పండితుడు ఆయన వాడిన చిన్నచిన్న మాటల తీరు లెక్కగట్టి, ఏవి చివరి రోజులవో చెప్పే దారి తీశాడు. గాంధీ అయితే 1933లో హరిజన్ పత్రికలో తానే పాఠకుడికి దారి చెప్పాడు: ఒకే విషయం మీద తన మాటలు రెండు పొసగకపోతే తర్వాతి మాట పట్టుకోమని. తేదీ తెలియనివాడు ఏది తర్వాతిదో ఎలా పట్టుకుంటాడు? అందుకే ఆయన రచనలు 1958 నుంచి 1994 దాకా శ్రమపడి 100 సంపుటాల్లో కాలక్రమంలో వేశారు. మా పాత మెదక్ జిల్లా కొల్చారంలో పుట్టిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మీ విశ్వవిద్యాలయం ఇప్పుడు మోస్తున్న పేరు సురవరం ప్రతాపరెడ్డి గారిది. తెలుగువాళ్ల తిండి, బట్ట, ఆట, పాట లాంటివాటిని కూడా యుగాల వరసలో నిలబెట్టి చూపిన మనిషి ఆయన.

కాబట్టి అడుగుతున్నాను. 1925 నుంచి 1986 ఫిబ్రవరిలో ఆయన పోయేదాకా కృష్ణమూర్తి ప్రసంగాలు, రాతలు, సంభాషణల్లోంచి యాభై ఎంచి, కాలక్రమంలో ఒక తెలుగు సంపుటం తెండి. ప్రతిదాని తలపైన ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్నాడో, అది చెప్పినదో రాసినదో, చేత్తో రాసుకున్న నోట్సు నుంచి తీశారా టేపు నుంచి తీశారా, తర్వాత ఎవరు దిద్దారో ఉండాలి. 1910లో ఆయన పేరున వచ్చిన మొదటి పుస్తకం నిజంగా ఎవరిదన్న తగవు కూడా దాచకుండా ముందుమాటలో చెప్పాలి. పాత అనువాదం మార్చవలసి వస్తే పాత మాట అడుగున కనబడనివ్వండి, ఒక్క గీత చాలు. ఈ రచనల హక్కులు మన చట్టం ప్రకారం 2046 చివరిదాకా ఉంటాయి. 1968కి ముందువాటికి అమెరికా ఫౌండేషన్‌ను, తర్వాతివాటికి ఇంగ్లండ్ ట్రస్టును అడగాలి. మాలాంటి ఆరేడుగురు అడిగితే ఉత్తరం దగ్గరే ఆగుతుంది, విశ్వవిద్యాలయం అడిగితే పని కదులుతుంది. అనువాదానికి మీ విద్యార్థులున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో దశాబ్దం అప్పగిస్తే, ఎవరి దశాబ్దపు పలుకుబడి వాళ్ల చెవిలో నిలుస్తుంది.

ఆ పుస్తకం జిల్లా గ్రంథాలయాలకు, మా మండలం దాకా రావాలి. మేం కూర్చునే గదిలో గోడకు నాలుగు చార్టులు అతికించి, 1925 నుంచి ఏటికొక గడి గీసుకున్నాం. చదివిన ఏటికి చదివిన తేదీ వేసి, అందరం సంతకాలు పెడతాం. లేత్ తమ్ముడే గీతలు గీశాడు, ఒక్కటీ వంకర పోలేదు. అందరం కలిసి ఇప్పుడు 1948 దగ్గర ఉన్నాం, ఆ తర్వాతివి నేను ముందుగా చదివి చూసుకున్నవి. తాత మాత్రం 1925 గడి ఇంకా నిండలేదంటాడు, తమ్ముడి చావు కబురు ఓడ మీద అందిన ఆ భాగం మళ్లీ చదవమంటాడు. మా చార్టు నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పెన్సిలుతో రాసినవి మేం ఇంకా సరిచూడనివి. వాటిని మీవాళ్లు సరిచూసి, తప్పున్న చోట గీత గీసి పక్కన రాసి పంపితే చాలా సంతోషం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హత్నూర, సంగారెడ్డి జిల్లా.